ఉబిన్ దీవి: ఆటుపోట్ల నడుమ నొక చరిత్ర

చరిత్ర యనగానే మన మనస్సునకు కోటలు, దండయాత్రలు, పట్టాభిషేకములు తోచును. బురదకు చరిత్ర కలదనిన నవ్వువారే పెక్కుమంది. నాగలి పాఱక, పడవ తేలక యుండు సముద్రతీరపు చిత్తడినేలను మన పూర్వులు దస్త్రములలో పోరంబోకనియు బంజరనియు వ్రాసికొని యంతటితో దాని మాట మఱచిరి. ఈ యలవాటు మన దేశమున కొక్కదానికే చెందినది కాదు. లోకమున పెక్కుచోట్ల తీరపు బురద యనగా పూడ్చదగిన స్థలమే కాని చూడదగిన స్థలము కాదు. అట్టి బురదతీర మొకదానిని చూచుటకై 2001వ సంవత్సరమున వేలకొలది జనులు పిల్లలతో గూడ పడవలెక్కి వచ్చిరి. వారు వచ్చి చూచిపోయిన కొలది మాసములలో ఒక ప్రభుత్వము పదియేండ్ల క్రిందట చేసికొన్న సంకల్పమును మార్చుకొనెను. ఆ తీరము సింగపూరునకు చెందిన పులావ్ ఉబిన్ అను దీవియందున్నది. దాని పేరు చెక్ జావా.

సింగపూరునకు ఈశాన్యమున, మలేషియాలోని జోహోరు తీరమునకు దక్షిణమున, రెంటినడుమ జలసంధిలో ఉబిన్ కలదు. వైశాల్యము పది చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. చాంగీ రేవునుండి చిన్న యంత్రపు పడవలు అచటికి పోవును. వానికి కాలపట్టిక లేదు. పండ్రెండుగురు చేరినప్పుడు పడవ కదలును. నిమిషముల లెక్కపై బ్రదుకు ఆ మహానగరపు పౌరులు ఈ పడవకొఱకు మాత్రము పండ్రెండవ మనిషి వచ్చువఱకు ఓర్పుతో కూర్చుందురు. ప్రయాణము పది పదునైదు నిమిషములు. దిగినచోట నున్నదే ఊరు. ఊరనగా ఒక వీధి. ఆ వీధి కిరుప్రక్కల వరుసలు తీర్చి నిలిపిన అద్దె సైకిళ్ళు. కొన్ని వ్యానులు తప్ప మోటారువాహనముల సద్దు లేని దీవియగుటచే, వచ్చినవారిలో ఎక్కువమంది సైకిలెక్కియే తూర్పుకొనకు, అనగా చెక్ జావా దిక్కునకు, సాగుదురు.

సైకిలు మాట వచ్చినది గనుక ఒక్క క్షణమాగి, ఈ దేశమునకు ఆ వాహనమునకు గల వింతయైన సంబంధమును చెప్పెదను. 1941 డిసెంబరులో జపానుసేనలు మలయా ఉత్తరతీరమున దిగి దక్షిణమునకు సాగినప్పుడు వేలకొలది సైనికులు సైకిళ్ళపై వచ్చిరి. రబ్బరుతోటల నడుమ ఆంగ్లేయులు వేసిన చక్కని బాటలే వారికి దారియిచ్చినవి. టైర్లు పగిలినప్పుడు వట్టి ఇనుపచక్రములతోనే తొక్కుచు వచ్చుచుండగా, చీకటిలో ఆ చప్పుడును టాంకుల చప్పుడని భ్రమించిన సైనికులు కలరట. 1942 ఫిబ్రవరి 7వ తేదీని ఒక జపాను దళము ఈ ఉబిన్ దీవిని పట్టుకొనెను. అది కేవలము కపటోపాయము. దాడి ఈశాన్యమునుండి రాబోవుచున్నదని ఆంగ్లసేనాపతిని నమ్మించి, మఱునాటి రాత్రి వాయవ్యతీరమున అసలు సేనను దింపిరి. ఫిబ్రవరి 15వ తేదీకి సింగపూరు లొంగిపోయినది. ఒక సామ్రాజ్యపు కోటను కూల్చుటకు ఉపయోగపడిన వాహనమే నేడు అదే దీవియందు పిల్లలకు పక్షులను చూపించుటకు తోడ్పడుచున్నది.

ఈ వాహనమే మఱియొక కోటను గూడ కూల్చినది. దానిని మన గృహములలోని వారు తప్పక యెఱుగవలెను. 1890 ప్రాంతమున ఐరోపా అమెరికా ఖండములలో స్త్రీలు సైకిలెక్కినప్పుడు వారి ముఖములు వికారమగునని హెచ్చరించిన వైద్యులు సైతము కలరు. మన ప్రక్కనున్న తమిళదేశమున పుదుక్కోట మండలమున 1990 తర్వాత అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. నవ్వినవారు నవ్విరి, పాటలు కట్టినవారు కట్టిరి. వారు మాత్రము బిందెలతో నీళ్ళను, కూరగాయలను, పిల్లలను సైకిలుపై నెక్కించుకొని సాగిపోయిరి. తన కాళ్ళబలముతో తానే పోగలిగిన మనిషి దేనినైనను తన కన్నులతో చూచి తెలిసికొనును. ఉబిన్ చరిత్రలో ఈ చూచి తెలిసికొనుటయే ప్రధానమైన ఘట్టము; అచటికి ముందు ముందు రాగలము.

ఈ దీవి పుట్టుకను గూర్చి మలయులు చెప్పుకొను కథ యొకటి కలదు. ఒక కప్ప, ఒక పంది, ఒక ఏనుగు జోహోరు తీరమునకు ఎవరు ముందుగా ఈదగలరని పందెము వేసికొన్నవట. చేరలేనివారు రాయి కావలెనని నియమము. మూడును చేరలేదు. పంది, ఏనుగు కలిసి ఉబిన్ దీవియైనవి. కప్ప ప్రక్కనే యున్న చిన్న దీవియైనది. కప్పదీవి యను అర్థమిచ్చు సెకుడు అను పేరు దానికి నేటికిని కలదు. కథ యెట్లున్నను, 1990వ, 1991వ సంవత్సరములందు నిజమైన ఏనుగులే జోహోరునుండి జలసంధి నీది ఈ ప్రాంతపు దీవులకు వచ్చినవి. వానిని పట్టి మరల మలేషియాకు పంపవలసివచ్చినది. పురాతనపు పందెమును గెలిచిన ఏనుగులను వెనుకకు పంపుట న్యాయముకాదని నా కనిపించును.

రాయి యనుట మాత్రము నిజము. ఉబిన్ అను పేరే చదును చేసిన రాతిపలకను సూచించు మాటనుండి వచ్చినది. దీవి యంతయు గట్టి నల్లరాయి, పాశ్చాత్యులు గ్రానైటనునది. పందొమ్మిదవ శతాబ్దపు నడిమినుండి ఇచట రాతిగనులు త్రవ్వబడినవి. జలసంధులపరగణాల ప్రభుత్వమున సర్వేయరుగా నుండిన జాన్ టర్న్‌బుల్ థామ్సన్ 1850, 1851 సంవత్సరములలో పెడ్రా బ్రాంకా అను మెట్టపై హార్స్‌బర్గ్ దీపస్తంభమును కట్టించినప్పుడు దానికి రాయి ఉబిన్ నుండియే పోయినది. 1855లో వెలిగిన రాఫిల్సు దీపస్తంభపు రాయియు నిచటిదే. ఆ రెండవదానిని కట్టినవారిలో భారతీయ ఖైదీలు కలరు. 1825 మొదలు 1873 వఱకు బెంగాలు, చెన్నపురి రాజధానులనుండి వేలకొలది ఖైదీలు సముద్రము దాటింపబడి సింగపూరునకు పంపబడిరి. ఆ నగరపు రోడ్లు, వంతెనలు, సెయింట్ ఆండ్రూసు దేవాలయము వారి చేతిపని. నేడా భవనములను చూచి మెచ్చు మన యాత్రికులలో ఈ సంగతి నెఱిగినవారు తక్కువ. 1919లో ఆరంభమై 1924లో తెఱవబడిన జోహోరు కట్టకు గూడ రాయి ఇచటినుండి పడవలలో పోయినది. సింగపూరును మలయాతో కలిపిన దారి యంతయు ఉబిన్ కొండల యెముకలే యనవచ్చును.

గనులున్నచోట జనులుందురు. చీనా రాతిపనివారు వచ్చిరి. 1880 ప్రాంతమున కల్లాంగ్ నదీతీరమునుండి మలయా కుటుంబములు వచ్చి కంపాంగులను ఊళ్ళను కట్టుకొనినవి. రబ్బరు, కొబ్బరి, పండ్లతోటలు లేచినవి. తరువాతికాలమున రొయ్యలచెరువులు త్రవ్వబడినవి. 1970 ప్రాంతమునకు సుమారు రెండువేలమంది నివసించుచుండిరి. చీనాబడి, మలయుబడి, గుడి, మసీదు, నాటకశాల, అన్నియు నుండెను. ఆపై గనులు ఒక్కొక్కటిగా మూతపడినవి; 1999 తరువాత రాయి కొట్టినవారు లేరు. యువకులు నగరపు ఎత్తైన యిండ్లకు తరలిపోయిరి. విద్యార్థులు లేక 1985లో చీనాబడి మూసివేయబడెను. ఇప్పుడు దీవిలో నిత్యనివాసులు కొన్ని పదులమంది. వారిలో పెక్కురు వృద్ధులు. బావినీళ్ళతో, సొంత డీజిలు యంత్రముల వెలుగుతో ఎంతోకాలము గడపినవారు.

జనులు తగ్గినచోట అడవి పెరిగెను. సైకిలుపై తూర్పునకు సాగునప్పుడు ఈ సంగతి కన్నులకు కట్టును. త్రోవ కిరువైపుల పాత రబ్బరుచెట్లు అడవిచెట్లలో కలిసిపోయినవి. గీతలు గీసిన వాని కాండములు మాత్రము తోటచరిత్రను చెప్పుచుండును. డ్యూరియను, రాంబూటాను చెట్లు యజమానులు లేకయే కాయుచున్నవి. పండ్లకాలమున పందులును మనుష్యులును పోటీపడి యేరుకొందురు. గనుల గోతులు వాననీటితో నిండి పచ్చని చెరువులైనవి. ఊరికి చేరువనున్న చెరువు నడుమ లంకవంటి మెట్టపై కొంగలు గూళ్ళు కట్టుకొన్నవి. మందుగుండుతో కొండను చీల్చినచోట నేడు కొంగలపిల్లల యరపులు వినబడును.

ఇచట హార్న్‌బిల్ అను పక్షిని తప్పక చెప్పవలెను. పెద్దముక్కు, దానిపై శిరస్త్రాణమువంటి దిమ్మ, నలుపు తెలుపు దేహము గల యీ పక్షి పందొమ్మిదవ శతాబ్దపు నడుమనే సింగపూరునుండి మాయమయ్యెను. గూడు పెట్టుటకు పెద్ద తొఱ్ఱలున్న ముసలిచెట్లు కావలెను. అట్టి చెట్లు కొట్టబడిన వెనుక ఇల్లులేని పక్షి ఎట్లుండును? నూటయేబదియేండ్ల వరకును లేకపోయిన యీ పక్షి 1994లో ఉబిన్‌పై కనబడెను. తరువాత శాస్త్రజ్ఞులు చెట్లపై కొయ్యపెట్టెలను గూళ్ళుగా నమర్చిరి. ఆడుపక్షి తొఱ్ఱలో చేరి ద్వారమును మెత్తి మూసికొనును; సన్నని సందునుండి మగపక్షి ఆహారము నందించుచుండును. పిల్లలు పెరుగువఱకు ఇంటి భారమంతయు మగపక్షిదే. స్త్రీని ఇంట మూసియుంచుటకు ప్రకృతిని సాక్ష్యముగా దెచ్చు పండితు లీ పక్షిని చూపింతురేమో; చూపించుచో వారే గరిటె పట్టుకొని ద్వారమువద్ద నిలువవలసియుండును.

దారి చివర సైకిళ్ళను నిలిపి నడువవలెను. చెక్ జావాలోనికి వాహనము తగదు. ద్వారమువద్ద నొక యింగ్లీషు భవనము. 1930 తరువాత ఒక ఆంగ్లేయ సర్వేయరు విశ్రాంతికై ట్యూడరు కాలపు పద్ధతిని కట్టించుకొన్నది. అందు చలికాచుకొనుటకు పొయ్యికూడ కలదు. భూమధ్యరేఖకు డిగ్రీన్నర దూరమున, ఏడాది పొడవున చెమట కారు దేశమున, చలికాచుకొను పొయ్యి! మాతృదేశపు అలవాటు మనిషి నెంతగా వెంటాడునో చెప్పుటకు దీనిని మించిన దృష్టాంత మక్కఱలేదు. ఇప్పుడది యాత్రికులకు సమాచారగృహమైనది.

చెక్ జావా సుమారు నూరు హెక్టారుల నేల. ఆ కొంచెపుచోటనే ఇసుకతీరము, రాతితీరము, సముద్రపుగడ్డి మైదానము, పగడపురాళ్ళ మెట్ట, మడ అడవి, తీరపుటడవి అను ఆఱు విధముల నేలలు ఒకదాని నొకటి ఆనుకొనియున్నవి. ఇతరచోట్ల ఒక్కొక్కదానికి ఒక్కొక్క యాత్ర చేయవలసియుండగా, ఇచట కొన్నివందల అడుగులలో అన్నియు కనబడును. పోటువేళ వచ్చినవానికి ఇది వట్టి నీరు. లోతైన ఆటు వచ్చినప్పుడే తెర తొలగినట్లు సముద్రగర్భము బయటపడును. ఇసుకలో సగము మునిగియుండు నక్షత్రపుచేపలు, నాణెములవలె గుండ్రనైన ఇసుకజీవులు, సముద్రపు దోసకాయలు, తివాచీలు పఱచినట్లు విచ్చియుండు సముద్రపుపూలు, వాని చేతులనడుమ దాగు చిన్న రొయ్యలు. ఇవన్నియు కాలు పెట్టుటకు భయపడునంత దట్టముగా నుండును. గుర్రపుడెక్క వంటి వీపు గల ఎండ్రకాయ కోటికోట్ల యేండ్ల క్రిందటి రూపమును మార్చుకొనక నడచుచుండును. మడచెట్ల క్రింద బురదపై చిన్న చేపలు ఱెక్కలతో ప్రాకుచు, గెంతుచు తిరుగును. ఒక చేయి మాత్రము దేహమంత పెద్దదిగా గల మగ ఎండ్రకాయలు దానిని పైకెత్తి ఊపుచు ఆడువానిని పిలుచును, శత్రువును బెదరించును.

కోరంగి, కాకినాడ ప్రాంతపు పాఠకులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. గోదావరి ముఖమునను ఉప్పుపొన్న, మడ, తిల్ల చెట్లు ఇట్లే బురదలో వేళ్ళూని నిలిచియున్నవి. కొన్నిజాతులు రెండుచోట్ల నొక్కటియే. కొమ్మలనుండి దిగి నేలను పట్టుకొను ఊడలు, ఊపిరికై బురదనుండి పైకి పొడుచుకొని వచ్చు వేళ్ళు, చెట్టుననే మొలకెత్తి క్రిందికి జాఱి సముద్రముపై తేలిపోవు పొడవైన మొలకలు, ఇవి బంగాళాఖాతపు రెండుగట్లను కలుపు బంధువులు. ఆ కోరంగిరేవు నుండి పడవలెక్కిన తెలుగుకూలీలను బర్మాదేశమున కోరంగీలనియే పిలిచిరి. మలయా రబ్బరుతోటలకును మనవారు పెక్కుమంది పోయిరి. కూలీలను మోసిన సముద్రమే మడమొలకలనుగూడ మోయుచుండెను. ఆ మొలకల ప్రయాణమును ఎవరును లెక్కలలో వ్రాయలేదు.

ఇక ముఖ్యమైన కథ. సింగపూరు చిన్నదేశము. 1960 ప్రాంతమున దాని భూమి సుమారు 580 చదరపు కిలోమీటర్లు. నేడది 730కి మించినది. ఈ పెరుగుదల యంతయు సముద్రమును పూడ్చిన ఫలితము. జనము పెరిగినకొలది గృహములు, రేవులు, విమానాశ్రయము, కర్మాగారములు కావలెను; భూమి లేదు; కావున సముద్రములో ఇసుక పోసి భూమిని చేసికొనిరి. దీనిని తప్పుపట్టుట సులభము. ఆ దేశపు పాలకుల స్థానమున నున్నవాడు పూడ్చకుండ ఏమి చేయగలడని యడిగినచో సమాధానము సులభము కాదు. కాని ఇసుక ఆకాశమునుండి రాదుగదా. ఎక్కువభాగము ఇరుగుపొరుగు దేశములనుండి వచ్చినది. మలేషియా 1997లో ఇసుక యెగుమతిని నిలిపివేసెను. ఇండోనీషియా 2003లో సముద్రపుటిసుకను, 2007లో నేలయిసుకను పంపుట మానెను. ఒకరి తీరము పెరుగుటకు మఱియొకరి తీరము కరగుచున్నదని వారు గ్రహించుటకు కొన్ని దశాబ్దములు పట్టెను.

ఈ పద్ధతిలోనే ఉబిన్ తూర్పుకొనను గూడ పూడ్చుటకు 1991 తరువాత ప్రణాళిక సిద్ధమయ్యెను. 2001 చివర పని మొదలు కావలసియుండెను. పదియేండ్లవఱకు ఎవరును దానికి అభ్యంతరము చెప్పలేదు. కారణము స్పష్టము: అచట ఏమున్నదో ఎవరికిని తెలియదు. ప్రణాళిక వ్రాసినవారికి దేశపటముపై చెక్ జావా ఒక వంకరగీత. పటము పోటువేళ గీయబడునో ఆటువేళ గీయబడునో గాని, పటములో నక్షత్రపుచేపలుండవు.

2000 డిసెంబరులో వృక్షశాస్త్రజ్ఞుడైన జోసెఫ్ లై ఈ తీరమున నడచి తాను చూచినదానిని తోడివారికి తెలిపెను. మాట మెల్లమెల్లగా వ్యాపించెను. అడ్డుకొనుటకు మిగిలినది ఒక్క సంవత్సరము. ఆ సంవత్సరమున వారు చేసిన పని మన సంస్కరణసభలవారు శ్రద్ధగా పరిశీలింపదగినది. వీథులలో ఊరేగింపులు లేవు. ఆ దేశమున నట్టివానికి చోటును తక్కువ. మంత్రులను నిందించు కరపత్రములు లేవు. వారు చేసినది లెక్కపెట్టుట. రాఫిల్సు జీవవైవిధ్య ప్రదర్శనశాలతో సంబంధముగల స్వచ్ఛందసేవకులు లోతైన ఆటు వచ్చు దినములను పంచాంగమునుండి యేరుకొని, తెల్లవాఱుజామున పడవలెక్కి, బురదపై త్రాళ్ళు పఱచి గడులు గడులుగా విభజించి, ఏ గడిలో ఏ ప్రాణి యెన్ని యున్నవో వ్రాసికొనిరి. ప్రకృతిసంఘమువారు విన్నపములు పంపిరి. ఉపాధ్యాయులు విద్యార్థులను తెచ్చిరి. పత్రికలు వ్రాసెను. తీరము పోవుననుకొన్నవారు చివరిసారి చూడవలెనని కుటుంబములతో వచ్చిరి. నెలకు కొన్నిదినములు మాత్రమే సముద్రము తెర తీయును. ఆ కొన్ని వేకువలందే వేలమంది మోకాలిలోతు బురదలో పసిపిల్లలను ఎత్తుకొని నడచిరి.

ఇందు బాధాకరమైన విచిత్ర మొకటి కలదు. తీరము పోవుట నిశ్చయమని నమ్మి, ప్రదర్శనశాలవారు కొన్ని ప్రాణులను ముందుగానే సేకరించి భద్రపఱుపసాగిరి. ఇంటికి నిప్పంటుకొనగా సామానులు బయట పెట్టుకొనునట్లు వారు పనిచేయుచుండిరి. అయినను లెక్కపెట్టుట మానలేదు. ఆ లెక్కలే నిపుణులముందు, మంత్రులముందు సాక్ష్యములైనవి. 2001 డిసెంబరులో, పని ఆరంభము కానుండగా, ప్రభుత్వము పూడ్పును వాయిదా వేయుచున్నట్లు తెలిపెను. 2002 జనవరి 14వ తేదీని జాతీయాభివృద్ధిమంత్రి మా బౌ టాన్ దానిని ధ్రువపఱచెను. అభివృద్ధికి అవసరము లేనంతకాలము ఉబిన్‌ను ఉన్నదున్నట్లుంతుమని వాగ్దానము.

ఈ చివరివాక్యమును పాఠకులు మరల చదువవలెను. "అవసరము లేనంతకాలము" అనునది రక్షణ కాదు, గడువు. చట్టము చేత శాశ్వతముగా కాపాడబడినదని పలువురు భ్రమపడుదురు, అట్లు కాదు. ఆ తీరము ఇరువదియేండ్లకు పైగా బ్రదికియున్నది ఒక వాయిదాపైననే. విజయమని పండుగ చేసికొనుటకంటె, వాయిదా గడచిపోకుండ జనుల దృష్టి దానిపై నిలిచియుండవలెనని తెలిసినవారే ఎక్కువ మేలు చేసిరని నా తలంపు. దృష్టి నిలుపుటకు సాధనముగానే 2007 జూలైలో ఒక కిలోమీటరు పైబడిన నడకవంతెన తెఱవబడెను. ఒకవైపు మడచెట్ల నడుమను, మఱియొకవైపు సముద్రముపైనను అది సాగును. ఇరువది మీటర్ల ఎత్తు గోపురమెక్కినవారికి చెట్ల తలలు, పక్షులు, దూరమున జోహోరు కొండలు కనబడును. వేల పాదములు బురదను త్రొక్కిన ప్రేమయే తీరమును చంపకుండునట్లు ఈ వంతెన ఉపాయము.

ప్రకృతి మాత్రము మనుష్యుల వాయిదాలను లెక్కచేయదు. 2006 డిసెంబరు, 2007 జనవరి మాసములలో జోహోరులో అసాధారణమైన వానలు కురిసి, నదులనుండి మంచినీరు వెల్లువగా వచ్చి జలసంధిలో ఉప్పదనమును తగ్గించెను. ఉప్పునీటికి అలవాటుపడిన ప్రాణులు తట్టుకొనలేకపోయెను. తివాచీపూలు తెల్లబడి ముడుచుకొనిపోయెను. నక్షత్రపుచేపలు, దోసకాయలు పెద్దసంఖ్యలో చచ్చెను. వంతెన తెఱచుటకు కొన్ని మాసముల ముందు చూడవలసిన ప్రాణులే పోయినవని అనేకులు దుఃఖించిరి. తరువాతి సంవత్సరములలో క్రమక్రమముగా కొన్ని తిరిగివచ్చినవి. ప్రతి ఆటునకు వచ్చి లెక్కలు వ్రాయువారు ఆ పునరాగమమును గూడ వ్రాసిరి. 2001లో తీరమును కాపాడుటకై మొదలైన లెక్క, కాపాడిన తరువాతనే చరిత్రయైనది.

మనుష్యుల మాట మిగిలియున్నది. 2013లో దీవివాసులలో ఇరువదికి పైబడిన కుటుంబములకు ఒక కచేరీనుండి ఉత్తరములు వచ్చెను. పూర్వమెన్నడో ప్రభుత్వము తీసికొన్న భూమిపై వారి యిండ్లున్నవి గనుక అద్దె చెల్లింపవలెననియు, లేదా పోవచ్చుననియు వాని సారాంశము. ఉత్తరపు శీర్షికలో 'తొలగింపు' అను పదముండెను. పత్రికలలో కలకలము లేచెను. వారిని వెళ్ళగొట్టు తలంపు లేదని అధికారులు వెంటనే వివరించిరి. అయినను నా మనస్సునకు సమాధానము కలుగలేదు. నక్షత్రపుచేపలకొఱకు వేలమంది వచ్చిన దేశమున, ఆ దీవిని నూరేండ్లు దున్ని, కొట్టి, కాపాడిన కుటుంబములకొఱకు వచ్చినవా రెందఱు? అడవిని రక్షించువారు అడవిలోని ఊరిని మఱచుట మన దేశమునను చూచుచున్నదే. అడవిపంది స్వేచ్ఛగా తిరుగుచోట తాతల యింటిలో ముసలమ్మ అద్దెకుండుట ఏ లెక్కలో చేరునో? పిదప 2014లో దీవి భవిష్యత్తును గూర్చి జనాభిప్రాయమును సేకరించు యత్నము మొదలైనది. ప్రకృతితో పాటు గ్రామజీవితమును గూడ నిలుపవలెనను మాట ఆ చర్చలలో వినబడెను. ఇది శుభము. కాని వృద్ధులు పోయినకొలది మూతపడు తలుపులను చర్చలు తెఱవలేవు.

ఆ కాలముననే దీవి దక్షిణభాగమున మఱియొక పని ఆరంభమైనది. పూర్వము మడ అడవిని కొట్టి రొయ్యలచెరువులు త్రవ్విరని చెప్పితిని. వ్యాపారము చెడిన తరువాత వానిని విడిచిపోయిరి. గట్లు నిలిచియుండుటచే ఆటుపోట్లు సరిగా లోనికి రాక, చెరువులలో చెట్లు మరల మొలువలేదు. మొక్కలు తెచ్చి నాటిన సరిపోదా యని తోచును. ఆ పద్ధతి పెక్కు దేశములలో నిష్ఫలమైనది. వేలకొలది మొక్కలు నాటిరి, ఫోటోలు తీయించుకొనిరి, మఱుసటి యేడు మొక్కలు లేవు. కారణము నేల యెత్తు. మడమొక్కకు రోజులో కొంతకాలము నీరు, కొంతకాలము గాలి కావలెను. ఒక అడుగు లోతైనను మునిగి చచ్చును. అందుచే ఉబిన్‌లో పనిచేయు స్వచ్ఛందసేవకులు మొదట చెరువుల లోతులను, నీటి రాకపోకలను కొలిచిరి. నేల యెత్తును సరిచేసి, సముద్రమునకు మరల దారి తీసినచో మొలకలను పోటునీరే తెచ్చి పెట్టునని వారి సిద్ధాంతము. నగరపు బడిపిల్లలు వారాంతములలో సైకిళ్ళపై వచ్చి, కఱ్ఱలు పాతి నీటిమట్టమును చూచుచు, ఏ గట్టుప్రక్కన ఎన్ని మొలకలు తమంతట తాము వచ్చి నిలిచినవో పుస్తకములలో గుర్తులు వేసికొనుచుందురు.